వారానికోసారి పనుల లెక్క చూసుకోవడం: ఎవరికైనా ఏడాది దాటి నిలబడిందా?

సుబేదారి వాసి
హన్మకొండలో ప్రైవేట్ కాలేజీ ఆఫీసులో ఉద్యోగం. ఆదివారం సాయంత్రం కూర్చుని పోయిన వారం ఏం మిగిలింది, వచ్చే వారం ఏముంది అని రాసుకోవడం మొదలుపెడతా. కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. ఏదో పెళ్లి వస్తుంది, చుట్టాలు దిగుతారు, పుస్తకం మూల పడుతుంది. ఏ రోజు కూర్చుంటారు? ఎంతసేపు? పుస్తకమా, ఫోనా? అసలు ఏమేం చూస్తారు?

అడ్తి దుకాణం
తమ్ముడూ, ఆదివారం ఇంటిది, చుట్టాలది. ఆ రోజు పెట్టుకుంటే నిలబడదు. మా ఎనుమాముల మార్కెట్‌కు శని, ఆదివారాలు సెలవు. శుక్రవారం కాంటాలు అయిపోయాక తక్‌పట్టీల (సరుకు అమ్మిన లెక్క చీటీల) కట్ట ముందేసుకుంటా. ఏ రైతుకు ఇంకా ఎంత ఇవ్వాలి, ఏ ఖరీదుదారు దగ్గర ఎంత ఆగింది, హమాలీల కూలి ముట్టిందా. ఈ లెక్క ఎట్లాగూ తప్పదు. అది ముగిశాక అదే పుస్తకం వెనక పేజీ తిప్పి ఇంటి పనులు రాస్తా: పాప ఫీజు, బండి ఇన్సూరెన్స్, బోరు మోటారు. మిర్చి సీజన్‌లో తల తిప్పుకునే తీరిక ఉండదు, అప్పుడు కూడా ఇది ఆగలేదు. తప్పించుకోలేని పని ఒకటి చూసి, దాని వెంటే దీన్ని పెట్టుకో.

ఉదయం యోగా
ఏ అలవాటైనా 21 రోజులు పట్టు వదలకుండా చేస్తే ఒంటికి పట్టేస్తుంది. వడ్డేపల్లి చెరువు కట్ట మీద నాతో నడిచేవాళ్లందరికీ ఇదే చెప్తా. సంకల్పం ఉండాలి, అంతే.

సైకాలజీ పీజీ కేయూ
ఈ 21 రోజుల మాట దయచేసి ఆపండి. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకం నుంచి ఇది పాకింది. సర్జరీ అయిన పేషెంటుకు అద్దంలో కొత్త ముఖం అలవాటు కావడానికి కనీసం 21 రోజులు పడుతుందని ఆయన గమనించాడు. అక్కడ 'కనీసం' అన్న మాట జారిపోయి మిగతాది ఊరంతా తిరిగింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి 2010లో ఫలితాలు అచ్చువేసింది. పని దానంతటదే జరిగే స్థితికి రావడానికి ఒక్కొక్కరికి 18 నుంచి 254 రోజులు, మధ్యస్థంగా 66. అదీ రోజూ చేసే పనులకు. వారానికోసారి చేసేదానికి 66 సార్లు కావాలంటే ఏడాది దాటుతుంది. నేను చదివిన సబ్జెక్టు ఇదే, గాలికి చెప్పడం లేదు.

ఉదయం యోగా
పేర్లు, సంవత్సరాలు చెప్పి మమ్మల్ని భయపెట్టొద్దు బాబూ. 21 రోజులు అనుకుంటేనే జనం మొదలుపెడతారు. ఏడాది పడుతుందంటే ఎవరు ముందుకొస్తారు? మీ చదువు మనిషిని లేపాలి, కూర్చోబెట్టకూడదు.

లెక్కల సార్ జగిత్యాల
నాకొక్కటి చెప్పండి. 12 వారాలంటే 84 రోజులు. చూసిందే 84 రోజులైతే 254 ఎక్కడిది?

సైకాలజీ పీజీ కేయూ
సార్, సరైన ప్రశ్న. 84 రోజుల్లో వచ్చిన గ్రాఫును ముందుకు పొడిగించి వేసిన అంచనా అది. ఎవరూ 254 రోజులు కూర్చుని చూడలేదు. సుబేదారి అన్న పట్టుకోవలసింది ఇంకొకటి ఉంది. మధ్యలో ఒకసారి తప్పినా అలవాటు పెద్దగా దెబ్బతినలేదని అదే పరిశోధన చెప్పింది. చుట్టాలొచ్చిన ఆదివారం పోతే పోనీయండి.

ఉదయం యోగా
అంచనా అని ఇప్పుడు సార్ అడిగితే ఒప్పుకున్నారు. మొదటే ఆ మాట ఎందుకు అనలేదు?

గోదావరిఖని నైట్ షిఫ్ట్
మీ కొట్లాట బాగుంది గానీ, శుక్రవారం, ఆదివారం అని మాకు రోజు ఎక్కడిది? సింగరేణిలో వారానికో షిఫ్ట్. ఆదివారం ప్లే డే (సెలవు రోజు డ్యూటీ) దొరికితే ఇంట్లో ఎవరూ కూర్చోరు, డబుల్ వేతనం వస్తుంది. అందుకే షిఫ్ట్ మారే రోజునే నా వారానికి హద్దు పెట్టుకున్నా. నైట్ వారం మొదలయ్యే ముందు చూడాల్సినవి వేరు: బ్యాంకు, స్కూలు, కరెంటాఫీసు పనులన్నీ ఆ వారం పగలే అవుతాయి కానీ నిద్ర చెడుతుంది, కాబట్టి రెండుకు మించి పెట్టుకోను. ఫస్ట్ షిఫ్ట్ వారానికి సాయంత్రం పనులే రాస్తా.

పరకాల బస్సు టీచర్
ఇంతమంది రాశారు, ఇంటి పని ఎవరు చేస్తారన్న మాట ఒక్కరి నోట రాలేదు. ఆదివారం సాయంత్రం గంటసేపు తలుపేసుకుని కూర్చుంటానంటే మా ఇంట్లో ఆ గంట వంట ఎవరు చూస్తారు? నేను శనివారం స్కూల్లో చివరి బెల్లు కొట్టాక, స్టాఫ్ రూంలో ఇరవై నిమిషాలు కూర్చుంటా. ఇల్లు చేరితే కాదు. ముందు బ్యాగులో కాగితాలన్నీ టేబుల్ మీద పోస్తా. తర్వాత వచ్చే రెండు వారాల క్యాలెండర్. చివరికి ఇతరుల చేతిలో ఆగిన పనులు: ప్లంబర్ వస్తానన్నాడు, మెడికల్ బిల్లు ఆఫీసులో ఉంది, అత్తమ్మ బీపీ గోలీల స్ట్రిప్‌లో నాలుగే మిగిలాయి. ఈ మూడో లిస్టు లేకపోతే మిగతా రెండూ దండగ. ఒక్కో పేరు పక్కన ఎప్పుడు అడగాలో తేదీ వేస్తా. బతుకమ్మ తొమ్మిది రోజులు, మేడారం జాతర వారం పుస్తకం ముట్టను. తిరిగొచ్చాక పోయిన వారాలు తవ్వను, ముందున్న తేదీల నుంచే మొదలు.

కాజీపేట సోమవారం
సోమవారం పొద్దున సికింద్రాబాద్ రైలే నా టైము. 132 కిలోమీటర్లు, రెండు గంటలకు అటూ ఇటూ. ఫోన్‌లోనే అన్నీ.

లెక్కల సార్ జగిత్యాల
జనరల్ బోగీలో నిలబడి ఏం రాస్తావయ్యా? రిజర్వేషన్ ఉన్నవాళ్ల సలహా అందరికీ పనికిరాదు.

కాజీపేట సోమవారం
సార్, నేనూ నిలబడే పోతా. రాయను, వాయిస్ రికార్డు చేస్తా. ఘట్‌కేసర్ దాటేసరికి అయిపోతుంది.

సుబేదారి వాసి
టీచర్ అక్కా, శనివారం ఆఫీసులోనే కూర్చుని చూస్తా. ఒక్క సందేహం. ఆఫీసులో ఆగిన బిల్లు గురించి ప్రతి వారం అడిగితే వాళ్లు విసుక్కోరా?

పరకాల బస్సు టీచర్
విసుక్కుంటారు తమ్ముడూ. అందుకే ఇచ్చిన తేదీ, ఇన్‌వర్డ్ నంబరు (కాగితం తీసుకున్నప్పుడు ఆఫీసు వేసే నంబరు) లిస్టులోనే రాసిపెట్టుకుంటా. వాటితో అడిగితే ఫైలు తీసి చూస్తారు, ఊరికే 'ఏమైంది' అంటే రేపు రమ్మంటారు.