‘ఘనపరచు’లో ఆ ‘పరచు’ ఏమిటి?

‘నా ప్రాణము ప్రభువును ఘనపరచుచున్నది’. లూకా సువార్తలో మరియ పాట. ‘ప్రాణము’ అనే ఉంది కదా? రెండు రోజులుగా ఇదే నోట్లో నానుతోంది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో ఇక్కడున్నది ‘మ్యాగ్నిఫై’, భూతద్దం చేసే పనికి వాడే మాట. దేవుణ్ణి ఎవరు పెద్ద చేస్తారు? మనవాళ్ళు ‘ఘన’ పట్టుకున్నది లాటిన్ ‘మాగ్నుస్’ (గొప్ప) చూసేనా?

— ప్రాణమే. భూతద్దం సంగతి తర్వాత వచ్చింది మాస్టారూ. పొగడడమనే అర్థం అంతకు ముందటి ఇంగ్లీషు అనువాదం విక్లిఫ్ బైబిల్లోనే ఉంది, అంటే 14వ శతాబ్దం. కటకాల అర్థం 17వ శతాబ్దానిది. లాటిన్‌లో ఆ పాట మొదటి మాటే ‘మాగ్నిఫికాత్’, పాట పేరూ అదే.

— ‘ఫై’ అంటే లాటిన్ ‘ఫాకెరె’, చేయడం. ‘గొప్పచేయు’ ఇంకా దగ్గర. 34వ కీర్తనలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

— అక్కడ ‘గొప్పచేయు’ వేరే మాటకి, ఇంగ్లీషు ‘ఎగ్జాల్ట్’కి (పైకెత్తడం). నన్నడిగితే కిటుకంతా ‘పరచు’లో ఉంది. చాప పరచినట్టు, ఉన్న ఘనతనే నలుగురి ముందూ పరచడం.

— ఒప్పుకోనండి. బలపడు–బలపరచు, స్థిరపడు–స్థిరపరచు, గాయపడు–గాయపరచు. ‘పడు’కి ప్రేరణ రూపం, అంతే. చాపతో పనిలేదు.

— మరి ‘ఘనపడు’ అని మీ వైపు ఎవరైనా అంటారా? ‘తెలియపరచు’కి ‘తెలియపడు’ ఏదీ?

— పెరగడం గురించి ఇంత మాట్లాడుకుంటూ పోతన వామనుణ్ణి వదిలేస్తే ఎలా! ‘ఇంతింతై వటుడింతయై...’ పద్యమంతా వెతకండి, ‘పెరిగె’ అన్న క్రియ లేదు. అన్నీ ‘అంతై’లే. ‘సంవర్ధియై’ (పెరిగినవాడై) అన్నది చిట్టచివర వస్తుంది. అప్పటికే మన మెడ పైకెత్తించేశాడు మహానుభావుడు.

— ‘తోయదమండలాగ్రమున కల్లంతై’ దగ్గర నాకెప్పుడూ పేచీ. ‘అల్లంత’ దూరమా, పరిమాణమా? అల్లంత దూరాన అంటాం కదా. మేఘాల కొసకి కూడా అంత ఎడంగా పోయాడనే నా అర్థం.

— పరిమాణమే మేడమ్. ముందూ వెనకా ఉన్న ‘అంతై’లన్నీ కొలతలే. ‘అల్ల’ వేలెత్తి చూపే మాట, ‘అల్లదిగో’లో లాగా.

— అలాగైతే ‘నభోవీధిపై నంతై’, ‘ధ్రువునిపై నంతై’ అన్న కవి మేఘాల దగ్గరా చంద్రుడి దగ్గరా మాత్రం ‘పై’ వదిలి ‘కు’ ఎందుకు పట్టాడు? ఛందస్సు కోసమని మాత్రం అనకండి. పోతనకి ఆ ఇరుకు ఉండదు. ఆ ‘కు’ తేలకుండా ‘అల్లంత’ తేలదు.