30 పడకల ఆస్పత్రి ఎప్పుడు మొదలైందో తేల్చేదెలా?

ప్రశ్న (పడమటి మండలం): చిత్తూరు జిల్లాలో మా ఊరి చరిత్ర రాస్తున్నాం. ఆస్పత్రి దగ్గర చిక్కుపడింది. శిలాఫలకం మీద ‘సామాజిక ఆరోగ్య కేంద్రం’ అని 1990ల తేదీ ఉంది. పెద్దోళ్లేమో సమితి కాలం నుంచే ఉందంటారు. ఏది రాయాలి? ఇంకోటి, 30 పడకలుండీ సిజేరియన్‌కు తిరుపతికి ఎందుకు పంపుతారు?

జవాబు (పాతఫైళ్లు): రెండూ నిజమే కావచ్చు. ఫలకం మీది తేదీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని (పీహెచ్‌సీ) సామాజిక ఆరోగ్య కేంద్రంగా (సీహెచ్‌సీ) స్థాయి పెంచినప్పటిదై ఉంటుంది. దేశ ఆరోగ్య వ్యవస్థ మీద వేసిన భోర్ కమిటీ 1946లో 40,000 మందికొక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం కావాలంది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం వచ్చాక బ్లాకుకొకటి (కొన్ని ఊళ్లు కలిపిన అభివృద్ధి విభాగం) చొప్పున ఈ కేంద్రాలు కట్టడం మొదలైంది. 1959 చట్టంతో ఆ బ్లాకులు పంచాయతీ సమితులయ్యాయి, మండలాలు 1985లో వచ్చాయి. మీది పాత సమితి కేంద్రమైతే పెద్దోళ్ల మాట కొట్టేయకండి.

1953 అక్టోబరు 1 దాకా మనది మద్రాసు రాష్ట్రం కదా, అంతకుముందటి జిల్లా బోర్డు డిస్పెన్సరీల కాగితాలకు చెన్నై ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌ కూడా చూడాలి. మంజూరు జీవో, శంకుస్థాపన, ప్రారంభోత్సవం మూడూ వేర్వేరు తేదీలు. ఏ తేదీ వేస్తున్నారో పక్కనే రాయండి. ఊరి చరిత్రల్లో సగం తగాదాలు ఇక్కడే!

జవాబు (స్టోర్‌రూం): పీహెచ్‌సీ నాటి ఫైలు డీఎంహెచ్‌వో (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) ఆఫీసులో అడగండి. సీహెచ్‌సీలు చాలావరకు 1986 చట్టంతో వచ్చిన వైద్య విధాన పరిషత్ కిందికి పోయాయి, వాటికి డీసీహెచ్‌ఎస్ (జిల్లా ఆస్పత్రుల సేవల సమన్వయాధికారి) ఆఫీసు. ఒకే చోట వెతికితే సగం కథే దొరుకుతుంది.

సిజేరియన్ సంగతి పడకలతో తేలదు. సీహెచ్‌సీల పాత ప్రమాణంలో నలుగురే స్పెషలిస్టులు: సర్జన్, ఫిజీషియన్, గైనకాలజిస్టు, పిల్లల డాక్టరు. మత్తు డాక్టరు ఆ నలుగురిలో లేడు, 2007 ప్రమాణాల్లో చేర్చారు. గైనకాలజిస్టు ఉన్నా మత్తిచ్చేవాళ్లు లేకపోతే థియేటరుకు తాళమే. తర్వాత రక్తం. ఆస్పత్రిలో రక్త నిల్వ కేంద్రానికి రక్తం పంపే పెద్ద బ్లడ్‌బ్యాంకుతో ఒప్పందం, 2–6 డిగ్రీల ఫ్రిజ్, జనరేటరు కావాలి. మామూలు సంచిలో రక్తం 35 రోజులే పనికొస్తుంది. వాడకం తక్కువైన చోట గడువు దాటి పారేయాల్సొస్తుంది, దాంతో తెప్పించడమే తగ్గిస్తారు.

జవాబు (సబ్‌సెంటర్): చిన్న సవరణ. 40,000 భోర్ కమిటీ తక్షణ లక్ష్యం మాత్రమే, ఇప్పటి లెక్కగా వేయకండి. ఇప్పుడు పీహెచ్‌సీకి మైదానంలో 30,000 మంది, కొండ ప్రాంతాల్లో 20,000. సీహెచ్‌సీకి అలాగే 1,20,000, 80,000. పాత కాన్పుల రిజిస్టరు మిగిలి ఉంటే మొదటి పేజీ తేదీ చూడండి. ఆస్పత్రి ఆ తేదీకల్లా పనిచేస్తున్నట్టే.