సాలూరు–సుంకి ఘాట్‌లో 55 టన్నుల ట్రైలరు: ఏ హార్సు ఎలా నడుస్తుంది?

ప్రశ్న – ఉత్తరాంధ్ర ట్రైలర్

మిత్రులందరికీ నమస్కారం. విశాఖపట్నం నుంచి సాలూరు, సుంకి, కొరాపుట్, జగదల్‌పూర్ మీదుగా రాయ్‌పూర్‌కు ట్రైలరు నడుపుతుంటాను. వెళ్లేటప్పుడు ఎరువుల బస్తాలు, వచ్చేటప్పుడు రేవు గోదాములకు బియ్యం బస్తాలు ఉంటాయి కనుక ఘాట్ ఎక్కడమూ, దిగడమూ నిండు లోడుతోనే జరుగుతాయి. ఇప్పుడు నా చేతిలో ఉన్నది బీఎస్-4 (పాత కాలుష్య ప్రమాణం) కాలం నాటి 40 టన్నుల హార్సు (ట్రైలరును లాగే ముందు బండి), దాని ఇంజను సుమారు 180 హార్స్‌పవర్‌ది. దీనిని తీసివేసి 55 టన్నుల బండి కొందామని మా యజమాని అనుకుంటున్నారు. నడిపేవాడివి నువ్వే కనుక ఏది బాగుంటుందో నువ్వే చెప్పమని నన్ను అడిగారు.

టాటా సిగ్నా 5530, అశోక్ లేలాండ్ 5525, భారత్‌బెంజ్ 5528 మా పరిశీలనలో ఉన్నాయి. వోల్వో ఎఫ్‌ఎమ్ 420 గురించి కూడా విన్నాము గాని దాని ధర మాకు అందేది కాదు. షోరూములలో ఎవరిని అడిగినా మైలేజీ, నెలసరి వాయిదా గురించే చెబుతున్నారు. దిగుడులో బండిని ఇంజను ఎంతవరకు పట్టి ఉంచుతుంది, హెయిర్‌పిన్ మలుపులలో స్టీరింగ్ ఎలా ఉంటుంది, గోదాము ఆవరణలో వెనక్కు పెట్టడం సులువేనా అన్న విషయాలు నడిపినవారు చెబితేనే తెలుస్తాయి. దయచేసి వివరంగా రాయగలరు.

జవాబు 1 – గాజువాక హార్స్

తమ్ముడూ, ముందుగా బండి పేర్లలోని అంకెలు చూడు. మొదటి రెండూ లోడుతో కలిపి మొత్తం బరువును టన్నులలో చెబుతాయి, చివరి రెండింటిని పదితో హెచ్చిస్తే హార్స్‌పవర్ వస్తుంది. 55 టన్నులకు 300 అంటే టన్నుకు ఐదున్నర, 280 అయితే ఐదుకు కొంచెం పైన, 250 అయితే నాలుగున్నర. నీ పాత బండికి 40 టన్నులకు 180, అంటే అదీ నాలుగున్నరే. కాబట్టి 5525ను నిండు లోడుతో ఎక్కించినప్పుడు ఘాట్‌లో నీకు అలవాటైన వేగమే కనిపిస్తుంది తప్ప కొత్త బండి ఎగిరి ఎక్కేస్తుందని ఆశపడవద్దు. మిగిలిన రెండింటి టార్క్ (ఇంజను తిప్పే బలం) సుమారు 1100 న్యూటన్ మీటర్లు గనుక, ఆ ఎక్కుడులో ఒక గేరు పైనే నిలబడగలవు.

అయితే ఎక్కడం గురించి నేను పెద్దగా ఆలోచించను. ఆలస్యమైతే అరగంట పోతుంది, అంతే. నువ్వు అడగవలసిన ప్రశ్న దిగుడు గురించే, దాని సంగతి హార్స్‌పవర్ అంకె చెప్పదు.

ఎక్కిన గేరులోనే దిగాలని మనకు నేర్పిన పెద్దలు చెప్పిన మాట పాత ఇంజన్లకు సరిగ్గా సరిపోయింది. ఆ రోజులలో ఇంజను బలం తక్కువ, అందువల్ల ఎక్కేటప్పుడే గేరు బాగా కిందికి దిగిపోయేది. అదే గేరు దిగేటప్పుడు కూడా బండిని పట్టి ఉంచేది. ఇప్పటి ఇంజన్లలో టర్బో వల్ల లాగే బలం పెరిగింది గాని, సిలిండర్ల పరిమాణం ఆ మేరకు పెరగలేదు. ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ గొట్టాన్ని మూసి ఇంజనుతోనే బండిని నెమ్మదింపజేసేది) పట్టు ఆధారపడేది ప్రధానంగా ఆ పరిమాణం మీద, ఆ సమయంలో ఇంజను తిరిగే వేగం మీద. అందుచేత కొత్త బండితో ఐదో గేరులో ఎక్కిన చోట అదే గేరులో దిగితే ఎగ్జాస్ట్ బ్రేకు చాలదు, కాలు మాటిమాటికీ పెడల్ మీదికి పోతుంది, సగం దిగేసరికి బ్రేకు లైనర్ల వాసన క్యాబిన్‌లోకి వస్తుంది. ఎక్కిన గేరు కన్నా ఒకటి, అవసరమైతే రెండు తగ్గించి, దిగుడు మొదలవకముందే ఆ గేరులో పడి, ఇంజను వేగం చూపే మీటరులో ముల్లు పచ్చ పట్టీకి కొంచెం పైన ఉండేటట్లు, ఎర్ర గీత మాత్రం తాకకుండా దించు.

ఈ లెక్కన చూస్తే భారత్‌బెంజ్ ఇంజను 7.2 లీటర్లు, సిగ్నా 5530లోని కమిన్స్ 6.7 లీటర్లు, లేలాండ్ ఇంజను ఆరు లీటర్ల లోపు. దిగుడులో నాకు మొదటి దాని మీద ఎక్కువ నమ్మకం. 5525 నడిపేవారు దానిని ఇంకొక గేరు కిందికి తెచ్చి నిశ్చింతగానే దించుతున్నారు, కాకపోతే నెమ్మదిగా దిగాలి. వోల్వోది 13 లీటర్ల ఇంజను, పైగా దాని బ్రేకు వాల్వులనే ఉపయోగించుకొని సిలిండర్లలోని గాలి ఒత్తిడితో ఆపుతుంది. దానిని మన మామూలు ఎగ్జాస్ట్ బ్రేకుతో పోల్చడమే తగదు.

తొమ్మిది గేర్ల పెట్టెలో నాలుగు నుంచి ఐదుకు మారేటప్పుడు లివరును పక్కకు తట్టాలి, తిరిగి వచ్చేటప్పుడు కూడా అంతే. ఆ తట్టు దగ్గర, దిగుడులో, గేరు పడక న్యూట్రల్‌లో ఉండిపోతే పరిస్థితి చేయి దాటుతుంది. కొత్త బండి చేతికి రాగానే ఆ ఒక్క మార్పును చదును రోడ్డు మీద చేతికి అలవాటు చేసుకో.

జవాబు 2 – ఆటోనగర్ బెజవాడ

పై మిత్రుడు బ్రేకుల గురించి చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను గాని, 55 టన్నుల బండే కావాలా అన్నది ముందు తేల్చుకోవలసిన విషయమని నా అభిప్రాయం. 2018 జూలైలో కేంద్రం యాక్సిల్ (ఇరుసు) బరువుల పరిమితిని పెంచినప్పుడు గరిష్ఠ మొత్తం బరువు 49 నుంచి 55 టన్నులకు చేరింది. అయితే సాధారణ మూడు యాక్సిళ్ల ట్రైలరును రెండు యాక్సిళ్ల హార్సుకు తగిలిస్తే ముందు 7, వెనుక 11.5, ట్రైలరు కింద 27 కలిపి 45.5 టన్నులే అవుతాయి. ఆ ట్రైలరుతోనే 55 కావాలంటే హార్సుకు మూడో యాక్సిల్ ఉండాలి, బండి నడక మారేది సరిగ్గా అక్కడే.

వెనుక రెండు యాక్సిళ్లకూ శక్తి అందే 6×4 బండి బురదలో, గనుల దారిలో తిరుగులేనిది. కాని తడిసిన హెయిర్‌పిన్‌లో ఆ రెండు యాక్సిళ్లూ కలిసి బండిని తిన్నగా ముందుకే నెడతాయి, స్టీరింగ్ తిప్పినా ముందు చక్రాలు బయటి అంచు వైపు జారుతున్నట్లు తెలుస్తుంది. వేగం తగ్గించడం తప్ప దానికి వేరే మందు లేదు. టైర్లు కూడా మలుపులలో రోడ్డుకు రాచుకొని త్వరగా అరుగుతాయి. శక్తి ఒకే యాక్సిల్‌కు అందుతూ రెండోది పైకి లేచే 6×2 బండి తారు రోడ్డు మీద తిరిగే మీకు చవకగా పడుతుంది, ఎప్పుడైనా ఖాళీగా వచ్చినప్పుడు ఆ యాక్సిల్‌ను లేపుకోవచ్చు.

గోదాములో వెనక్కు పెట్టే పనికి మాత్రం రెండు యాక్సిళ్ల పొట్టి 4×2 ముందు ఏదీ నిలవదు. ఘాట్‌లో ఎడమ మలుపు తిరిగేటప్పుడు ఎడమ అద్దంలో ట్రైలరు చివరి చక్రం రాతి కట్టకు జానెడు దూరంలో కనబడుతూ ఉండాలి. హార్సు పొడవు పెరిగిన కొద్దీ ఆ జానెడు కాపాడుకోవడానికి ఎదురు వరుసలోకి ఇంకా ఎక్కువ పోవలసి వస్తుంది. సుంకి దగ్గర ఎదురుగా మరో ట్రైలరు వస్తే ఆగి దారి ఇవ్వడమే మర్యాద, క్షేమం కూడా.

ఇక స్టీరింగ్ గురించి. నేను ఒకే కంపెనీ బండ్లు రెండు నడిపినప్పుడు ఒకటి బరువుగా, మరొకటి తేలికగా అనిపించింది. తేడా కంపెనీలో లేదు, బస్తాలు పేర్చిన తీరులో ఉంది. బరువు ట్రైలరు ముందు భాగంలో పేరుకుంటే కింగ్‌పిన్ (ట్రైలరును హార్సుకు తగిలించే కడ్డీ) మీద పడి హార్సు యాక్సిళ్లను నొక్కుతుంది, మరీ వెనక్కు పోతే ఎక్కుడులో ముందు చక్రాల పట్టు సడలి స్టీరింగ్ గాలిలో ఉన్నట్లుంటుంది. లోడింగ్ కూలీలతో వాదించడం విసుగే గాని, ఆ పది నిమిషాలు దగ్గరుండి చూసుకోవాలి.

జవాబు 3 – జగిత్యాల నుంచి గల్ఫ్

అన్నలకు నమస్కారం. నేను సౌదీలో మెర్సిడెస్ యాక్ట్రోస్ నడుపుతున్నాను. గేర్లు వాటంతట అవే మారతాయి, హైడ్రాలిక్ రిటార్డర్ (చక్రాల బ్రేకులు వాడకుండానే బండిని నెమ్మదింపజేసే పరికరం) కూడా ఉంది. రిటార్డర్ రుచి చూసినవాడికి మళ్లీ పెడల్ మీద ఆధారపడాలనిపించదు. లివరు ఒక మెట్టు లాగితే 50 టన్నుల బండి చప్పుడు లేకుండా నెమ్మదిస్తుంది, లైనర్లు చాలాకాలం మన్నుతాయి.

దానికీ రెండు పరిమితులు ఉన్నాయి. అందులో పుట్టే వేడి ఇంజను నీళ్లలోకే పోతుంది కనుక, ఎండ 45 డిగ్రీలు దాటినప్పుడు నీళ్లు వేడెక్కితే రిటార్డర్ తనంతట తానే పట్టు తగ్గించుకుంటుంది. ఆ సమయంలో గేరు తగ్గించి ఇంజను వేగం పెంచితే పంపు, ఫ్యాను వేగం పెరిగి నీళ్లు చల్లబడతాయి. రెండోది, అది హార్సు వెనుక చక్రాలనే ఆపుతుంది. ఖాళీ ట్రైలరుతో తడి రోడ్డు మీద గట్టిగా లాగితే ఆ చక్రాలు జారి, హార్సు ఒక పక్కకు, ట్రైలరు ఒక పక్కకు మడతపడతాయి. ఎగ్జాస్ట్ బ్రేకుకు కూడా ఈ ప్రమాదం కొంత ఉంది. వానాకాలంలో ఖాళీగా దిగేటప్పుడు గుర్తుంచుకోండి.

ఆటోమేటిక్ గేర్ల బండి తీసుకుంటే దిగుడుకు ముందు మాన్యువల్‌లో పెట్టి గేరు పట్టి ఉంచండి, లేకపోతే అది మైలేజీ చూసుకొని పై గేరుకు పోవచ్చు.

ప్రశ్న అడిగినవారు – ఉత్తరాంధ్ర ట్రైలర్

అందరికీ కృతజ్ఞతలు. పాత బండికీ 5525కీ టన్నుకు వచ్చే బలం ఒకటేనన్న లెక్క మా యజమానికి చూపించాను, ఆయన 5528, 5530 వైపు మొగ్గారు. మూడో యాక్సిల్ లేచే రకమే అడుగుతున్నాము. షోరూమువారు ఖాళీ హార్సును హైవే మీద నడిపి చూడమంటున్నారు. నిండు లోడుతో సాలూరు నుంచి సుంకి వరకు ఎక్కి దిగనిస్తేనే మాట్లాడతామని చెప్పాము. ట్రయల్‌కు మా పాత ట్రైలరు తగిలించవచ్చునా?

జవాబు 4 – గాజువాక హార్స్

తగిలించవచ్చు, కాని ముందు దాని బ్రేకులు సరిచేయించు. ట్రైలరు బ్రేకులు మెతకగా ఉంటే బరువంతా హార్సు బ్రేకుల మీద పడి, మంచి బండి కూడా చెడ్డదిగా కనిపిస్తుంది. స్లాక్ అడ్జస్టర్లు (బ్రేకు బిగువును సరిచేసేవి) అన్నీ సమానంగా తిప్పించి, గాలి లీకు చూసుకో. ఘాట్ దిగిన వెంటనే చదునుగా ఉన్నచోట ఆపి, చక్రాలకు చెక్కలు పెట్టి, ఒక్కొక్క డ్రమ్ము దగ్గర ముట్టుకోకుండా అరచేయి చాపి చూడు. అన్నీ ఒకేలా వెచ్చగా ఉంటే రెండు హార్సులనూ పోల్చవచ్చు. ఒకటి చల్లగా ఉంటే ఆ చక్రం పని చేయడం లేదు, ట్రయల్ మళ్లీ చేయించు.