సెప్టెంబర్‌లో రూకీ గేమ్‌కి వెళ్తున్నాం, ఎవరిని చూడాలి? ఏం చూడాలి?

మిస్సిసాగా నాన్న:
అందరికీ నమస్కారం. మా వాడికి పదకొండేళ్ళు, ఐస్ హాకీలో డిఫెన్స్ ఆడతాడు. ఎన్‌హెచ్ఎల్ (పెద్ద ప్రొఫెషనల్ లీగ్)లో టొరంటో లీఫ్స్ మ్యాచ్‌కి ఇంటిల్లిపాదీ వెళ్ళాలంటే టికెట్ల ఖర్చు తట్టుకోలేం. అందుకే బఫెలోలో సీజన్ ముందు జరిగే ప్రాస్పెక్ట్స్ ఛాలెంజ్‌కి, అంటే టీముల కొత్త కుర్రాళ్ళు ఆడే రూకీ గేమ్స్‌కి, తీసుకెళ్దామనుకుంటున్నా. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి. ఎవరి మీద కన్నేసి ఉంచాలి? పిల్లాడు నేర్చుకునేది ఏమైనా ఉంటుందా? శనివారం పొద్దున సరిహద్దు దాటే పీస్ బ్రిడ్జి దగ్గర ఎంతసేపు ఆగాలి? ఆట అయ్యాక కుర్రాళ్ళు సంతకాలు పెడతారా?

బ్లూలైన్ (నొవై, మిషిగన్):
తప్పకుండా వెళ్ళండి. మేం ట్రావర్స్ సిటీలో డెట్రాయిట్ రెడ్ వింగ్స్ వాళ్ళ ప్రాస్పెక్ట్స్ ఆటలు చాలా చూశాం. అక్కడ 1998లో మొదలైంది ఈ సంప్రదాయం. సెంటర్ ఐస్ అరీనా చిన్నది, రింక్ చుట్టూ ఉండే గ్లాస్ పక్కనే నిలబడి చూడొచ్చు.

నా మాట ఒకటి వినండి. పక్ (బంతి బదులు ఆడే రబ్బరు బిళ్ళ) ఎటు పోతే చూపు అటు పోనివ్వకండి. ఒక్క కుర్రాణ్ణి ఎంచుకుని, అతను ఐస్ మీదకి దూకిన దగ్గర్నుంచి బెంచ్ మీదకి తిరిగొచ్చే దాకా అతన్నే చూడండి. పక్ తన దగ్గర లేనప్పుడు ఎక్కడ నిలబడుతున్నాడు? కార్నర్‌లో పక్ తీసుకునే ముందు తల తిప్పి వెనక ఎవరున్నారో చూసుకుంటున్నాడా? ఆయాసం వస్తే షిఫ్ట్ (ఐస్ మీద తన వంతు) ముగించి వస్తున్నాడా, లేక గోల్ ఆశతో అక్కడే తిరుగుతున్నాడా? మీ వాడికి డిఫెన్స్‌మన్‌ని చూపించండి. ఎదుటివాడు స్పీడ్‌గా దూసుకొస్తుంటే ఎంత దూరం ఉంచుతున్నాడు, పక్ దొరగ్గానే మొదటి పాస్ శుభ్రంగా ఇస్తున్నాడా లేక బోర్డులకేసి (రింక్ గోడలకేసి) కొట్టి వదిలించుకుంటున్నాడా, అది చూస్తే చాలు.

చొక్కాల మీద నంబర్లు 70లు, 80లు, 90లు ఉంటాయి, ముఖాలేమో కొత్తవి. రోస్టర్ ఫోన్‌లో పెట్టుకోకపోతే ఎవరెవరో తెలియక సగం ఆట అయిపోతుంది.

గోలీ అమ్మ (ఒటావా):
ఎవరిని చూడాలని అడిగితే ఫార్వర్డ్, డిఫెన్స్ అంటారు, గోలీ (గోల్‌కీపర్) మాట ఒక్కరూ ఎత్తరు. నా కొడుకు గోలీ కాబట్టి ఇది నాకు మంట. రూకీ గేమ్‌లో గోలీ పరిస్థితి ఎలా ఉంటుందో ఆలోచించండి. ముందున్న డిఫెన్స్ వాళ్ళతో పరిచయం అయి రెండు రోజులు కూడా కాదు. నిన్న కలిసిన నలుగురితో పెళ్ళి వంటకి దిగినట్టే. నాలుగు గోల్స్ పడగానే స్టాండ్స్‌లో కూర్చున్న పెద్దమనుషులు "వీడు పనికిరాడు" అని తీర్పు ఇచ్చేస్తారు. కానర్ హెలబక్‌ని 2012 డ్రాఫ్ట్‌లో (టీములు కొత్త కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునేది) అయిదో రౌండ్ దాకా ఎవరూ తీసుకోలేదు, 130వ నంబర్. అదే మనిషి ఉత్తమ గోలీకి ఇచ్చే వెజీనా ట్రోఫీలు మూడు గెలిచాడు, 2025లో లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికి ఇచ్చే హార్ట్ ట్రోఫీ కూడా. పెక్కా రిన్నె అయితే 2004లో 258వ వాడు. గోలీలు ఆలస్యంగా తయారవుతారు. దయచేసి స్కోరు చూసి ఆ పిల్లల్ని తిట్టకండి.

బ్లూలైన్ (నొవై, మిషిగన్):
హెలబక్ మా పక్క ఊరివాడే మేడమ్, కామర్స్ టౌన్‌షిప్. ఇక్కడి రింకుల్లో గోలీ పిల్లలందరికీ ఆయనే దేవుడు.

కాల్గరీ కుర్రాడు:
బఫెలో కంటే పెంటిక్టన్ బెటర్‌గా ఉండేది అన్నా. యంగ్ స్టార్స్ క్లాసిక్ అని వాంకూవర్ కనక్స్ వాళ్ళు 2010లో మొదలుపెట్టారు. కాల్గరీ ఫ్లేమ్స్, ఎడ్మంటన్ ఆయిలర్స్, విన్నిపెగ్ జెట్స్ కుర్రాళ్ళు వచ్చేవారు. పక్కనే సరస్సు, ఊరంతా పండగలా ఉండేది. అసలు మజా ఏంటంటే ఫైట్స్. అల్బర్టా టీములు ఫ్లేమ్స్, ఆయిలర్స్ ఎదురుపడితే మొదటి పీరియడ్‌లోనే గ్లోవ్స్ కింద పడతాయి. లేచి నిలబడి అరిచి గొంతు పోయింది నాకు. ప్రీసీజన్ అని ఎవడూ తేలిగ్గా ఆడడు.

రాలీ డాక్టర్:
తమ్ముడూ, పదకొండేళ్ళ పిల్లాణ్ణి తీసుకెళ్తున్న తండ్రికి మీరు చెప్పే మజా ఇదా? నేను ఎమర్జెన్సీలో పని చేస్తాను. తలకి దెబ్బ తగిలిన కుర్రాళ్ళు ఎలా వస్తారో, వారం తర్వాత లైటు చూడలేక ఎలా బాధపడతారో నాకు తెలుసు. ఎన్‌హెచ్ఎల్ ఆటగాడు డెరెక్ బూగార్డ్ 2011లో 28 ఏళ్ళకే పోయాడు. మెదడు పరీక్షిస్తే సీటీఈ (తలకి పదేపదే దెబ్బలు తగిలి వచ్చే మెదడు జబ్బు) బయటపడింది. ఆయన ఉద్యోగమే కొట్టుకోవడం. 18, 19 ఏళ్ళ పిల్లల్ని చూసి చప్పట్లు కొట్టేముందు ఇది గుర్తుంచుకోండి.

కాల్గరీ కుర్రాడు:
మేడమ్, మీరు ఆ ఫైట్ చేసే కుర్రాడి వైపు నుంచి చూడట్లేదు. డ్రాఫ్ట్‌లో ఏడు రౌండ్లు, 224 పేర్లు. అందులో పేరు రానివాళ్ళు కొందరు ట్రైఔట్ మీద ఈ క్యాంప్‌కి వస్తారు. వాళ్ళకి ఉన్నది రెండు మూడు ఆటలే. ఫస్ట్ రౌండ్ వాడు ఆట పాడుచేసినా అతని కాంట్రాక్ట్ అతనికి ఉంటుంది. ఇన్వైట్ మీద వచ్చినవాడికి పవర్‌ప్లేలో (ఎదుటి టీమ్‌కి పెనాల్టీ పడి ఆటగాడు తగ్గినప్పుడు) ఛాన్స్ ఇవ్వరు, నాలుగో లైన్‌లో ఓ మూల పడేస్తారు. కోచ్ కంట్లో పడటానికి అతనికి మిగిలిన దారి తోటి ఆటగాణ్ణి ఎవడైనా తోస్తే ముందుకెళ్ళి నిలబడటమే. అతని కష్టానికే నేను చప్పట్లు కొట్టాను. అది తప్పంటే ఒప్పుకోను.

రాలీ డాక్టర్:
మీరు చెప్పిందే నా బాధ కూడా. దిక్కులేనివాడే తల పణంగా పెట్టాల్సి వస్తోంది. అది కష్టం కాదు, దోపిడీ.

సికింద్రాబాద్ స్టిక్:
హాకీ అని చూసి లోపలికొచ్చాను. ఇక్కడేమో ఐసు, బాక్సింగు. మన హైదరాబాద్ ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 మూడు ఒలింపిక్స్ ఆడాడు. గ్రౌండ్ మీద అతని పరుగు చూసినవాళ్ళకి ఇదంతా ఆటలా అనిపించదు. మీ పిల్లలకి అసలు హాకీ నేర్పించండి.

కాల్గరీ కుర్రాడు:
మైనస్ ముప్పైలో టర్ఫ్ మీద ఆడించమంటారా అంకుల్? ఇక్కడి పిల్లలు ఇక్కడి ఆట ఆడతారు.

సికింద్రాబాద్ స్టిక్:
పెద్దవాళ్ళతో మాట్లాడే తీరు ఇదేనా? ముకేశ్ కుమార్ పేరైనా ఎప్పుడైనా విన్నావా?

మిస్సిసాగా నాన్న:
బ్రిడ్జి సంగతి ఎవరైనా చెప్పండి ప్లీజ్. సంతకాల సంగతి కూడా. మా వాడు రోజూ అడుగుతున్నాడు.

కోచ్ సార్ (బ్రాంప్టన్):
నాకు హాకీ కెనడా కోచింగ్ సర్టిఫికెట్ ఉంది, చాలా ఏళ్ళుగా బెంచ్ మీద ఉన్నాను. ఇక్కడ రాసేవాళ్ళలో ఎంతమంది నిజంగా కోచింగ్ చేశారో తెలియదు గానీ ఒక్కరూ అసలు విషయం పట్టుకోలేదు. రోస్టర్ చేతికి రాగానే ముందు పుట్టిన తేదీ చూడండి, ఆ తర్వాతే ఎత్తు, బరువు.

కెనడాలో వయసు గ్రూపులకి కటాఫ్ జనవరి 1. ఏడెనిమిదేళ్ళ వయసులో జనవరి పిల్లాడికీ డిసెంబర్ పిల్లాడికీ దాదాపు ఏడాది తేడా. పెద్దవాడు బలంగా కనిపిస్తాడు, మంచి టీమ్‌లో పడతాడు, ఎక్కువ ఐస్ టైమ్ దొరుకుతుంది, ఇంకా మెరుగవుతాడు. రోజర్ బార్న్స్‌లీ అనే కెనడా సైకాలజిస్టు 1980లలోనే ఇది లెక్కలతో చూపించాడు. ఎన్‌హెచ్ఎల్ డ్రాఫ్ట్‌కి మళ్ళీ కటాఫ్ వేరు, సెప్టెంబర్ 15. ఆస్టన్ మాథ్యూస్ 1997 సెప్టెంబర్ 17న పుట్టాడు, రెండు రోజుల తేడాతో 2015 డ్రాఫ్ట్ తప్పి 2016లో మొదటి నంబర్‌గా వచ్చాడు. కాబట్టి రూకీ గేమ్‌లో 18 ఏళ్ళ వాడు 21 ఏళ్ళ వాడి చేతిలో బోర్డుల దగ్గర ఓడిపోతే అది ఓటమి కాదు.

మా అబ్బాయిది డిసెంబర్ పుట్టుక. ఇక్కడి ఒక క్లబ్‌లో ట్రైఔట్‌కి వెళ్తే పది నిమిషాలు కూడా చూడకుండా "చిన్నగా ఉన్నాడు" అని పంపేశారు. ఆ మాట వాడు ఇప్పటికీ మర్చిపోలేదు, నేనూ మర్చిపోను.

ఎడ్మంటన్ ఎర్రమిర్చి:
సార్, పిల్లలు చిన్నప్పుడు అది నిజమే. కానీ ఎన్‌హెచ్ఎల్ గేటు దాకా వచ్చాక నెల ఎవరు చూస్తారు? ఆడితే ఉంటాడు, లేకపోతే లేదు.

కోచ్ సార్ (బ్రాంప్టన్):
చూస్తారు. అక్కడే పొరపాటు జరుగుతుంది కూడా. ఏడాది చివర్లో పుట్టినవాళ్ళని డ్రాఫ్ట్‌లో వెనక్కి నెట్టారు గానీ, వాళ్ళని తీసిన నంబర్‌కి మించి రాణించారని 2013లో పరిశోధనా పత్రమే వచ్చింది. చదివి మాట్లాడండి.

ఎడ్మంటన్ ఎర్రమిర్చి:
"చదివి మాట్లాడండి" అనాల్సిన అవసరం లేదు. నేనూ హాకీ తండ్రినే. మా అమ్మాయిది నవంబర్. రోజూ తెల్లవారుజామున లేచి రింక్‌కి తీసుకెళ్తున్నది నేను, సర్టిఫికెట్ కాదు.

ఫ్రిస్కో బాబాయ్:
గొడవలు ఆపి ఇది వినండి. ఈ ఆటల్లో పడిన గోల్స్‌కి ఎంత విలువ ఇవ్వాలో నాకు ఇప్పటికీ సందేహమే. 2023లో చికాగో టీమ్ కుర్రాడు బెడార్డ్ మిన్నెసోటాలో రూకీ ఆటలో సెయింట్ లూయిస్ బ్లూస్ మీద హ్యాట్రిక్ కొట్టాడు. అదే సీజన్‌లో 61 పాయింట్లతో ఉత్తమ కొత్త ఆటగాడికి ఇచ్చే కాల్డర్ ట్రోఫీ గెలిచాడు. కానీ అతను హ్యాట్రిక్ కొట్టకపోయినా గెలిచేవాడే, అతని సంగతి అందరికీ ముందే తెలుసు. సెప్టెంబర్‌లో మూడు గోల్స్ కొట్టి నవంబర్ కల్లా పేరు వినిపించని కుర్రాళ్ళే ఎక్కువ.

ఇంకోటి, అమెరికా కాలేజీల్లో ఆడేవాళ్ళు సెప్టెంబర్ ఆటలకి రారు. వాళ్ళని జూలై డెవలప్‌మెంట్ క్యాంప్‌లోనే చూడాలి. మీకు నచ్చిన పేరు రోస్టర్‌లో లేకపోతే గాయమేమో అని టెన్షన్ పడకండి.

18, 19 ఏళ్ళ వాణ్ణి టీమ్ అట్టే పెట్టుకుంటుందా అన్నది ఈ ఒక్క ఆటతో తేలదు. తొమ్మిది మ్యాచ్‌ల దాకా ఆడించి వెనక్కి పంపితే కాంట్రాక్ట్‌లో ఆ ఏడాది ఖర్చవదు, పదో మ్యాచ్ ఆడితే లెక్కలోకి వస్తుంది. జూనియర్ లీగ్ నుంచి వచ్చిన కుర్రాణ్ణి నేరుగా ఏహెచ్ఎల్‌కి (ఎన్‌హెచ్ఎల్ కింది లీగ్) పంపడానికీ ఇన్నేళ్ళుగా అడ్డు ఉంటూ వచ్చింది. అతని స్కేటింగ్ ఎంత బాగున్నా ఈ లెక్కలన్నీ చూసే నిర్ణయిస్తారు.

సర్రీ అక్క:
రూకీ గేమ్‌కి విలువ లేదంటే నేను ఒప్పుకోను బాబాయ్, పేరు లేని కుర్రాళ్ళూ పైకొస్తారు. అర్ష్‌దీప్ బెయిన్స్ మా సర్రీ కుర్రాడు. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. 2021-22లో రెడ్ డీర్ తరఫున 112 పాయింట్లతో డబ్ల్యూహెచ్ఎల్ అనే జూనియర్ లీగ్ మొత్తానికి టాప్ స్కోరర్ అయ్యాడు, ఆ సీజన్‌లోనే కనక్స్ సంతకం చేయించుకుంది. 2024 ఫిబ్రవరిలో ఎన్‌హెచ్ఎల్‌లో మొదటి మ్యాచ్ ఆడాడు. 2025లో కనక్స్ వాళ్ళ ఏహెచ్ఎల్ టీమ్ అబాట్స్‌ఫర్డ్ ఆ లీగ్ టైటిల్ కాల్డర్ కప్ గెలిచినప్పుడు ఆ టీమ్‌లో ఉన్నాడు, బెంచ్ వెనక కోచ్ మానీ మల్హోత్రా. ఆ రాత్రి మా వీధిలో హారన్లు ఆగలేదు. పంజాబీ వాళ్ళు 1989లో ఎన్‌హెచ్ఎల్ ఆడిన రాబిన్ బావాతో మొదలుపెట్టి ఇక్కడి దాకా వచ్చారు. టీవీలో హాకీ నైట్ ప్రసారం పంజాబీలో వస్తుంది. మన తెలుగువాళ్ళు పిల్లల్ని పదో తరగతి రాగానే రింక్ మాన్పించి కోచింగ్ సెంటర్‌లో వేస్తున్నారు. ఈ మాట కోపంగానే అంటున్నాను.

ఎడ్మంటన్ ఎర్రమిర్చి:
అక్కా, డబ్బు మాట కూడా అనండి. స్కేట్లు, ప్యాడ్లు, ఐస్ ఫీజు, టోర్నమెంట్ హోటళ్ళు. పిల్లలు ఏటా పెరుగుతారు, స్కేట్లు ఏటా మారతాయి. ఇద్దరు పిల్లలుంటే ఒకరిని మాన్పించాల్సి వస్తుంది. ఎవరిని మాన్పిస్తామో మనందరికీ తెలుసు, అమ్మాయినే. మేం మాన్పించలేదు.

సర్రీ అక్క:
అందుకు మీకు దండం తమ్ముడూ. మనసారా అంటున్నా.

కాల్గరీ కుర్రాడు:
డాక్టర్ మేడమ్ "దోపిడీ" అన్నమాట దగ్గరికి మళ్ళీ వస్తున్నా. రాత్రంతా అదే మెదిలింది. జూనియర్ ఆడిన మా ఫ్రెండ్‌కి ట్రైఔట్ వచ్చింది. వాడు ఫైట్ చేసింది ఎవరో చెప్తే కాదు, వాడి ఇష్టం. బయట కూర్చుని బలవంతం అనేస్తే వాడి తెగువని చిన్నబుచ్చినట్టు కాదా?

రాలీ డాక్టర్:
మీ ఫ్రెండ్ ధైర్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ నియమాలు పెట్టాల్సింది పెద్దవాళ్ళు, ఆ భారం 19 ఏళ్ళ వాడి మీద వేయకూడదు. క్యూబెక్ జూనియర్ లీగ్ 2023-24 నుంచి ఫైట్ చేస్తే ఆట నుంచి పంపేస్తోంది. అక్కడ హాకీ ఏమైనా ఆగిపోయిందా? మీరు చప్పట్లు కొడుతున్నంత కాలం ఈ టోర్నమెంట్లవాళ్ళు అలాంటి రూల్ తేరు.

కాల్గరీ కుర్రాడు:
అంటే తప్పు నాదన్నమాట! సరే మేడమ్, మీతో వాదించలేను.

మోడరేటర్:
వ్యక్తిగతంగా వెళ్ళకండి. ఫైటింగ్ గురించి వేరే థ్రెడ్ తెరవండి. ఇక్కడ రూకీ గేమ్ గురించి రాయండి.

నయాగరా నాయుడు:
మిస్సిసాగా అన్నా, నేను బఫెలో రెగ్యులర్‌గా వెళ్తాను, చెప్తా. రింక్ పేరు లీకామ్ హార్బర్‌సెంటర్, బఫెలో సేబర్స్ అరీనా పక్కనే. ఐస్ ఆరో అంతస్తులో ఉంటుంది, కింద పార్కింగ్. 1800 సీట్లే కాబట్టి టికెట్లు పెట్టిన రోజే కొనండి. బయట ఎండగా ఉన్నా లోపల చలి, పిల్లాడికి జాకెట్ వేయండి. ఒక మూలన పైవరసలో కూర్చుంటే బ్లూలైన్ గారు చెప్పిన షిఫ్టులు బాగా కనిపిస్తాయి, గ్లాస్ దగ్గరైతే స్పీడ్ తెలుస్తుంది. ఒక పీరియడ్ అక్కడ, ఒక పీరియడ్ ఇక్కడ చూడండి. సంతకాలు మాత్రం గ్యారంటీ లేదు. బ్రిడ్జి పొద్దున్నే దాటితే హాయిగా ఉంటుంది. పీస్ బ్రిడ్జి మీద రద్దీ ఉంటే క్వీన్‌స్టన్-లూయిస్టన్ బ్రిడ్జి మీదుగా రండి.

మిస్సిసాగా నాన్న:
చాలా థాంక్స్ నాయుడు గారూ. బ్లూలైన్ గారు చెప్పింది మా వాడికి చదివి వినిపించా, ఇప్పుడే నోట్‌బుక్‌లో గళ్ళు గీసుకుంటున్నాడు.

గోలీ అమ్మ (ఒటావా):
ఆ నోట్‌బుక్‌లో గోలీకి కూడా ఒక గడి పెట్టమనండి బాబూ. ఆపిన షాట్లు కాదు, రీబౌండ్ ఎటు పోయిందో రాయమనండి. గోల్ పడ్డాక తర్వాతి షాట్‌కి ఎంత స్థిమితంగా నిలబడ్డాడో కూడా.

కోచ్ సార్ (బ్రాంప్టన్):
పుట్టిన నెలకి కూడా.

కాల్గరీ కుర్రాడు:
శనివారం రూకీ ఆటకి టికెట్లు ఎవరి దగ్గరైనా ఎక్కువ ఉంటే మెసేజ్ పెట్టండి. రెండు కావాలి.