జానపద సంగీతోత్సవంలో ఇన్ని రకాల వాళ్లు ఎందుకు?

ప్రశ్న: ఒక ఉత్సవంలో పాడేవాళ్ల జాబితా చూశాను. వాయిద్యమే లేకుండా గొంతుతో పాడే పెద్దాయన, ఆ వెంటనే ఎలక్ట్రిక్ గిటార్ల బ్యాండ్, తర్వాత బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ల బాధల పాటలు), గాస్పెల్ (వాళ్ల చర్చి భక్తి పాటలు)... ఇదంతా జానపదమేనా, లేక టికెట్ల కోసం కలిపేస్తారా?

జవాబు: రెండూ నిజమే. పేరున్నవాళ్ల కోసం జనం వస్తారు, వచ్చాక ఎప్పుడూ విననివాళ్లని కూడా వింటారు. అమెరికాలోని న్యూపోర్ట్ ఉత్సవమే చూడండి, 1963లో పేరున్న గాయకులు బాబ్ డిలన్, జోన్ బయేజ్ పాడినచోటే మిసిసిపీ జాన్ హర్ట్ అనే బ్లూస్ గాయకుడు కూడా పాడారు. ఆయన 1928లో రికార్డులు చేసి, అవి అమ్ముడుపోక మళ్లీ పొలం పనుల్లోకి వెళ్లిపోయి, దాదాపు 35 ఏళ్లు సంగీత లోకానికి గుర్తే లేని మనిషి!

మరొకరి జవాబు: ఎలక్ట్రిక్ గిటార్ గొడవ పాతదే లెండి. 1965లో అక్కడే డిలన్ దాంతో స్టేజీ ఎక్కితే కొందరు గోల చేశారు. నాకైతే వాయిద్యం కన్నా ఎవరి తర్వాత ఎవరు పాడతారన్నది ముఖ్యం, హోరెత్తించే బ్యాండ్ దిగగానే ఒంటరి గొంతును నిలబెడితే పాపం ఆ పాట ఎవరి చెవికీ ఎక్కదు. అలాంటివాళ్లకి చిన్న వేదిక వేరే ఉండాలి.

ప్రశ్న అడిగినవారు: రెండు వేదికలు ఉన్నాయట. అయితే ముందు చిన్నదాని దగ్గరే కూర్చుంటా.