12 ఏళ్ళ పిల్లలు టెన్నిస్ సర్వీసు వేగం కోసం బరువులు ఎత్తవచ్చునా?

అమలాపురం తండ్రి:
మా అమ్మాయికి 12 ఏళ్ళు నిండాయి. ఫోర్‌హ్యాండ్ నిలకడగానే ఆడుతోంది గాని, సర్వీసులో వేగం లేదని, జిమ్‌లో చేర్పించమని కోచ్ గారు అంటున్నారు. ఎదుగుదల ఆగిపోతుందని ఇంట్లో పెద్దవాళ్ళ భయం. మన ఊరి బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో గంటకు 565 కిలోమీటర్ల స్మాష్‌తో గిన్నిస్ రికార్డుకెక్కిన నాటి నుంచి మా అమ్మాయికీ వేగం మీదే ధ్యాస. ఎవరి మాట వినాలి?

రాజమహేంద్రవరం పాత ఆటగాడు:
ఎముకల చివర్లు ఇంకా గట్టిపడని వయసులో బరువు మోపడం సాహసమే. సాత్విక్ ఆ స్మాష్ కొట్టేనాటికి 22 ఏళ్ళవాడు. కొట్టింది 5 గ్రాముల షటిల్‌ను. మీ అమ్మాయి కొట్టవలసిన బంతి 56 గ్రాములకు తగ్గదు. 16 దాటేదాకా ఆటే వ్యాయామం.

కాకినాడ వ్యాయామ శిక్షకుడు:
ఆ పోలిక చెల్లదన్నంతవరకు ఒప్పుకుంటాను గాని, తేల్చిన మాటను ఒప్పుకోలేను. సరైన పర్యవేక్షణలో చేసే బల శిక్షణ పొడవు పెరగడాన్ని అడ్డుకోదని అమెరికా పిల్లల వైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2020 నివేదికలో కూడా చెప్పింది. నన్నడిగితే, అసలు ప్రమాదం ‘ఆటే వ్యాయామం’ అన్న మాటలోనే ఉంది. నడుము వెనక్కి విరిచి, మెలితిప్పుతూ, ఎప్పుడూ ఒకే చేత్తో లెక్కకు మించి సర్వీసులు చేసే పిల్లలకు నడుము వెన్నుపూసలో ఒత్తిడి పగుళ్ళు రావడం క్రీడావైద్యులకు బాగా తెలిసిన సంగతే.

వేగం చేతిలో పుట్టదు. మోకాళ్ళు వంచి నేలను తన్నినప్పుడు పుట్టిన శక్తి తుంటి, మొండెం, భుజం మీదుగా మణికట్టు దాకా అంచెలంచెలుగా చేరుతుంది. అందులో దాదాపు సగం కాళ్ళూ మొండెమూ ఇచ్చేదే. అవి బలహీనమైతే ఆ లోటు భుజం మీద పడుతుంది. అందుచేత ఈ వయసులో గుంజీళ్ళు, దండీలు, తేలికపాటి మెడిసిన్ బాల్‌ను (వ్యాయామానికి వాడే బరువు బంతిని) మొండెం తిప్పి గోడకు విసరడం, రబ్బరు బ్యాండుతో భుజం వెనుక కండరాలకు పని చెప్పడం, ఇవన్నీ వారానికి రెండుసార్లు చేయిస్తే చాలు. భుజం వెనుక కండరాలు దేనికంటే, బంతిని కొట్టాక దూసుకుపోయే చేతిని ఆపేవి అవే. బ్రేకు సరిచూడకుండా బండికి ఇంజను పెంచరు కదా! యుక్తవయసుకు ముందు బలం పెరిగేది ముఖ్యంగా నరాలు కండరాలను మేల్కొలిపే తీరు మెరుగుపడడం వల్లనే గాని కండ పెరగడం వల్ల కాదు. కాబట్టి ఒంట్లో మార్పు కనబడలేదని తొందరపడి బరువు పెంచవద్దు.

భీమవరం తల్లి:
ఆ పర్యవేక్షణ ఎక్కడ దొరుకుతుందండీ? మేము చూసిన జిమ్‌లో 12 ఏళ్ళ పిల్లకూ పాతికేళ్ళ కుర్రవాడికీ ఒకే పట్టిక చేతిలో పెట్టారు. పైగా మే నెల ఉక్కలో రెండు గంటలు ఆడి వచ్చిన పిల్లను మళ్ళీ అక్కడికి పంపడమా?

కాకినాడ వ్యాయామ శిక్షకుడు:
అలాంటి చోటికి పంపకండమ్మా. అలసిన ఒంటితో చేస్తే భంగిమ చెదురుతుంది, కనుక ఆట ఎక్కువగా లేని రోజు చేయించండి. నెలకోసారి ఎత్తు కొలవండి. ఆడపిల్లలు ఒక్కసారిగా పొడవు సాగేది దాదాపు ఈ వయసులోనే. ఆ నెలల్లో సర్వీసుల సంఖ్య తగ్గించమని కోచ్ గారిని అడగండి.

రాజమహేంద్రవరం పాత ఆటగాడు:
గుంజీళ్ళకూ దండీలకూ నాకు అభ్యంతరం లేదు, మేమూ చేసినవే. ఇనుము ముట్టించే విషయంలో మాత్రం, పక్కన నిలబడి భంగిమ సరిదిద్దే మనిషి దొరికేదాకా, ఒప్పుకోను.