వాలంటీర్‌గా పోతే ఆటలు చూడొచ్చా?

ప్రశ్న (తిరుపతి, డిగ్రీ సెకండియర్):
2030 కామన్వెల్త్ గేమ్స్ అహ్మదాబాద్‌కి వచ్చాయి కదా. అప్పటికి నా పీజీ కూడా అయిపోతుంది. వాలంటీర్‌గా పోవాలని ఆశ. అథ్లెటిక్స్ అంటే పిచ్చి. మా నాన్నేమో "జీతం లేని పనికి అంత దూరమా" అంటున్నాడు. పోయొచ్చినవాళ్ళు ఉంటే చెప్పండన్నా. టికెట్ లేకుండా ఆటలు చూడొచ్చా?

జవాబు 1:
గరుడ సేవ రోజు మాడ వీధుల్లో డ్యూటీ పడిన శ్రీవారి సేవకులను అడుగు తమ్ముడూ. వాహనం ఎదురుగా వచ్చినా వాళ్ళ చూపు జనం మీదే.

జవాబు 2 (చిత్తూరు):
పైనాయన చెప్పింది అక్షరాలా నిజం. 2010లో ఢిల్లీ కామన్వెల్త్‌కి పోయాను. తిరుపతిలో సంపర్క్ క్రాంతి ఎక్కాను, టికెట్ నా డబ్బే. కరోల్‌బాగ్‌లో మా పిన్ని కొడుకు రూమ్‌లో నేల మీద పడక. యూనిఫామ్ ఇచ్చారు, డ్యూటీలో తిండి పెట్టారు, అంతే. కిట్ చేతికి రాగానే కొందరు మాయమయ్యారు. వాళ్ళ పనీ మా నెత్తినే పడింది.

నాకు నెహ్రూ స్టేడియంలో మెట్ల దగ్గర డ్యూటీ. ముఖం జనం వైపు, వీపు ట్రాక్ వైపు. ఫొటోలు తీయకూడదు, ఆటోగ్రాఫ్ అడగకూడదు. అక్టోబర్ 11 సాయంత్రం డిస్కస్‌లో కృష్ణ పూనియాకి స్వర్ణం, రజతం, కాంస్యం కూడా మనవాళ్ళకే. 1958లో మిల్ఖాసింగ్ తర్వాత కామన్వెల్త్ అథ్లెటిక్స్‌లో మనకొచ్చిన తొలి స్వర్ణం అది. నేను చూసింది మాత్రం ఎగిరి గంతులేస్తున్న జనాన్ని. ఒక పెద్దాయన నా భుజాలు పట్టుకుని ఊపేస్తున్నాడు, ఆయన్ని మెట్ల మీద పడకుండా ఆపడమే నా పని. డిస్కస్ ఎగరడం రాత్రి రూమ్‌లో టీవీలో చూశాను.

అయినా పిలిస్తే మళ్ళీ పోతాను. ఎందుకంటే చెప్పలేను.

జవాబు 3:
2024 పారిస్ ఒలింపిక్స్‌లోనూ ఇంతే. 45,000 మంది వాలంటీర్లు, ప్రయాణం, బస ఎవరి ఖర్చు వాళ్ళదే. ఒక్కటి గుర్తుపెట్టుకో: రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమని వాట్సాప్‌లో లింకు వస్తే నమ్మొద్దు.

ప్రశ్న అడిగినతను:
థాంక్స్ అన్నా. నాన్నకి చదివి వినిపించాను. "టికెట్ డబ్బులు నేనిస్తా, పోయి కూర్చొని చూడు" అన్నాడు! ఇంతకీ హిందీ బాగా రావాలా?

జవాబు 2 (చిత్తూరు):
రోజుకి వందమంది బాత్రూమ్ ఎక్కడని అడుగుతారు. దానికి జవాబు చెప్పేంత వస్తే చాలు.